బూజు బరువెంత?

బూజును తూచడం ఎలా అన్నది పైకి పిల్లల పొడుపుకథలా వినబడే ప్రశ్న. గోడమూలల బూజైతే చీపురుతో దులిపి తక్కెడలో వేయవచ్చు. పచ్చడి జాడీలో పైకి తేలిన బూజునైతే గరిటెతో తీసి పక్కన పెట్టవచ్చు. కాని జొన్నగింజ లోపలికి చొచ్చుకుపోయి, దాని పిండిలో పిండిగా కలిసిపోయిన శిలీంధ్రాన్ని గింజనుండి వేరుచేయడం ఎవరి తరమూ కాదు. వేరుచేయలేనిదాన్ని తూచడం ఎలా? ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రం చెప్పిన జవాబు నాకు మొదటినుండీ ముచ్చటగా తోస్తూ వచ్చింది. అది అసంపూర్ణమైన జవాబని తెలిశాక కూడా ఆ ముచ్చట తీరలేదు. ఈ రెండు సంగతులనూ ఒకచోట పెట్టి చూసుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందుగా కంటి సంగతి చెప్పుకోవాలి. తరతరాలుగా ధాన్యాన్ని పరీక్షించే సాధనం కన్నే. పైరు తెగుళ్ళకు మనవాళ్ళు పెట్టుకున్న పేర్లు చూడండి: కాటుక తెగులు, తుప్పు తెగులు, పాముపొడ తెగులు, తేనెబంక తెగులు, వెర్రికంకి తెగులు. కంకినుండి నల్లటి పొడి రాలితే కాటుక. ఇనుముకు పట్టినట్టు ఆకుకు పడితే తుప్పు. వరి కాండం మీద పాము ఒంటి చారలు కనబడితే పాముపొడ. పేరు వింటే చాలు, తెగులు కళ్ళకు కట్టినట్టుంటుంది. ఏ శాస్త్రగ్రంథమూ చదవని రైతులు చూపుతో చేసిన వర్గీకరణ ఇది. దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

పరిశోధకులు కూడా చాలాకాలం ఈ దారినే నడిచారు. బూజు లేని గింజకు 1, పూర్తిగా కమ్ముకున్నదానికి 5 లేదా 9 అని అంకెలు పెట్టుకుని, కంకిని చేతబట్టి, కంటితో చూసి మార్కులు వేసేవారు. ఇప్పటికీ పొలంలో వేల కంకులను చూడవలసివచ్చినప్పుడు అదే పద్ధతి. అయితే కంటికి కొన్ని ఇబ్బందులున్నాయి. తెల్లజొన్న మీద చిన్న మచ్చ కూడా పెద్దదిగా కనబడుతుంది; ఎర్రజొన్న మీద పెద్ద మచ్చ కూడా దాక్కుంటుంది. వానకు తడిసి రంగు తిరిగిన గింజకూ, లోపల శిలీంధ్రం అల్లుకున్న గింజకూ తేడా చెప్పడం అనుభవజ్ఞులకైనా కష్టమే. అన్నిటికన్నా పెద్ద చిక్కు, జొన్న పూతదశలో ఉన్నప్పుడే శిలీంధ్రం లోపలికి ప్రవేశించగలదు. ఆ తరువాత కొన్నాళ్ళపాటు పైకి ఏ గుర్తూ ఉండకపోవచ్చు.

మరొక పాత పద్ధతి ఉంది. గింజలను పైపైన శుద్ధిచేసి, అగారు పోసిన పళ్ళేలలో పరచి, నాలుగైదు రోజులు వేచి, ఎన్ని గింజలనుండి బూజు మొలుచుకొచ్చిందో లెక్కపెట్టడం. నూటికి నలభై గింజల్లో ఉందని అది చెబుతుంది. ఒక్కొక్క గింజలో ఎంత ఉందో చెప్పదు. కాస్తంత అంటుకున్న గింజా, గుల్లబారిన గింజా ఆ లెక్కలో సమానమే.

* * *

రసాయనశాస్త్రం ఇంకో దారి వెతికింది. దొంగను పట్టుకోలేకపోయినా దొంగ వదిలివెళ్ళిన ఆనవాలును పట్టుకోవచ్చు కదా అన్నది ఆ ఆలోచన. ఇంట్లో ఎవరికీ చుట్ట అలవాటు లేనప్పుడు పడమటింట్లో చుట్టవాసన వేస్తే, పరాయివాడెవడో వచ్చాడని తెలిసిపోతుంది. అలాగే గింజకు బొత్తిగా లేనిదీ, శిలీంధ్రానికి తప్పక ఉండేదీ అయిన పదార్థం ఒకటి దొరికితే, దాన్ని కొలిచి శిలీంధ్రాన్ని అంచనా కట్టవచ్చు.

అటువంటి పదార్థం ఎర్గోస్టెరాల్. ప్రతి కణానికీ చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర మరీ బిగుసుకుపోకుండా, మరీ కారిపోకుండా నిలబెట్టే పదార్థాలు స్టెరాల్‌లు. మన ఒంట్లో ఆ పని కొలెస్టెరాల్ చేస్తుంది. మొక్కల్లో సైటోస్టెరాల్ వంటివి చేస్తాయి. చాలా శిలీంధ్రాల్లో ఎర్గోస్టెరాల్ చేస్తుంది. జొన్నగింజ తనంతట తాను దీన్ని తయారుచేసుకోదు. కాబట్టి జొన్నపిండిలో ఎర్గోస్టెరాల్ కనబడిందంటే అది శిలీంధ్రం తెచ్చిన సరుకే.

ఈ పదార్థం పేరులోనే ఒక ధాన్యపు తెగులు దాగి ఉంది. ఐరోపాలో రై అనే ధాన్యపు కంకుల్లో గింజకు బదులు నల్లని కొమ్ముల వంటివి పుట్టించే తెగులును ఎర్గాట్ అంటారు. మన సజ్జ, జొన్న కంకులనుండి తేనెబంక కార్పించేది కూడా ఆ కుటుంబానికి చెందినదే. ఎర్గాట్ కలిసిన రొట్టె తిని మధ్యయుగాల ఐరోపాలో వేలమంది కాళ్ళూ చేతులూ కుళ్ళి, మతి చలించి మరణించారు. ఆ ఎర్గాట్‌నుండే ఫ్రెంచి ఔషధశాస్త్రవేత్త షార్ల్ తాన్రె 1889లో ఈ స్టెరాల్‌ను వేరుచేశాడు. దీనిపై అతినీలలోహిత కిరణాలు పడితే డి విటమినుగా మారుతుందని తరువాత తేలింది. స్టెరాల్‌ల మీదా, విటమినులతో వాటికున్న సంబంధం మీదా చేసిన కృషికి జర్మన్ రసాయనశాస్త్రవేత్త అడాల్ఫ్ విండౌస్‌కు 1928లో నోబెల్ బహుమతి వచ్చింది. విషపుగింజలో దొరికిన పదార్థం పసిపిల్లల ఎముకలను కాపాడే మందుకు మూలమైంది.

ధాన్యంలో శిలీంధ్రపు కొలతగా ఎర్గోస్టెరాల్‌ను నిలబెట్టినవారు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, మాన్‌హాటన్ పట్టణంలోని ప్రభుత్వ ధాన్య పరిశోధనశాలకు చెందిన ఎల్.ఎం. సైట్జ్, ఆయన సహచరులు. 1977లోనూ, 1979లోనూ వారి పత్రాలు వెలువడ్డాయి. అంతకుముందు కైటిన్ అనే పదార్థాన్ని కొలిచే పద్ధతి వాడుకలో ఉండేది. కైటిన్ శిలీంధ్రపు కణకవచంలో ఉంటుంది. దాన్ని ఆమ్లంతోనో క్షారంతోనో విరగ్గొట్టి, వచ్చిన గ్లూకోసమైన్‌ను రంగు తేల్చి కొలుస్తారు. కాని పురుగుల పెంకులో కూడా ఉండేది కైటినే. ముక్కపురుగు పట్టిన ధాన్యంలో ఆ కొలత పురుగును సైతం బూజుగా లెక్కవేస్తుంది. మన గాదెల సంగతి తెలిసినవారికి అదెంత పెద్ద చిక్కో వేరే చెప్పనక్కరలేదు. ఎర్గోస్టెరాల్‌తో ఆ బెడద లేదు.

కొన్నేళ్ళు ఒక ధాన్యపరీక్షాశాలలో పనిచేసినవాణ్ణి కనుక ఆ పద్ధతి గురించి నాలుగు మాటలు చెబుతాను. గింజలను మెత్తగా పిండిచేసి మెథనాల్‌లో కలియబెడతాము. దానికి పొటాషియం హైడ్రాక్సైడ్ చేర్చి వేడిచేస్తే పిండిలోని కొవ్వు సబ్బుగా మారిపోతుంది. అప్పుడు కాసిని నీళ్ళూ, హెక్సేనూ పోసి గరాటులో కుదుపుతాము. సబ్బు నీళ్ళతో కలిసి అడుగున ఉండిపోతుంది. స్టెరాల్‌లు హెక్సేనులో చేరి పైకి తేలతాయి. ఆ పైతేటను తీసి, ఆవిరిచేసి, మిగిలిన పూతను మళ్ళీ కొద్దిపాటి ద్రావకంలో కరిగించి యంత్రానికి అందిస్తాము. యంత్రం పదార్థాలను ఒకదాని వెనుక ఒకటిగా విడదీసి పంపుతుంది. దారి చివర 282 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కాపలా ఉంటుంది. గింజకు సొంతమైన స్టెరాల్‌లు ఆ కాంతిని పట్టించుకోకుండా దాటిపోతాయి. ఎర్గోస్టెరాల్ అణువులో ఒకే వలయంలో పక్కపక్కనే రెండు జంటబంధాలున్నాయి. అవి ఆ కాంతిని పీల్చుకుంటాయి. అది దాటే వేళకు కాగితం మీద ఒక శిఖరం లేస్తుంది. ఆ శిఖరం వైశాల్యమే మన కొలత. గ్రాము పిండికి ఇన్ని మైక్రోగ్రాములని రాసుకుంటాము.

ఆ శిఖరం లేవడం కోసం ఎదురుచూసే కొద్ది నిమిషాలను నేను ఎప్పుడూ విసుక్కోలేదు. కంటికి నున్నగా, తెల్లగా కనబడిన గింజల్లో అది ఎత్తుగా లేచిన రోజులున్నాయి. నల్లని మచ్చలున్న గింజల్లో ఊహించినదానికన్నా పొట్టిగా లేచిన రోజులూ ఉన్నాయి. కన్ను వేసిన మార్కులూ యంత్రం వేసిన మార్కులూ మొత్తమ్మీద ఒకే దారిన నడిచేవి. ఎక్కడైనా విడిపోయాయంటే అక్కడ నేర్చుకోవలసినది ఏదో ఉండేది.

* * *

ఇంతకూ జొన్నకు ఈ బూజు బెడద ఎందుకు ఇంత పెరిగింది? పూర్వపు వానాకాలపు జొన్నలు పొడుగాటి పైర్లు. పగటి పొద్దు తగ్గితేగాని పూతకు వచ్చేవి కావు. వానలు వెనుకబట్టాక గింజ కట్టి, పొడి ఎండలో పండేవి. దిగుబడి తక్కువే కాని గింజ ముత్యంలా ఉండేది. 1964లో మన దేశపు తొలి సంకరజొన్న సి.ఎస్.హెచ్. 1 విడుదలైంది. పొట్టి పైరు, నూరు రోజుల పంట, పొద్దుతో నిమిత్తం లేని పూత, పాతవాటికన్నా ఎంతో ఎక్కువ దిగుబడి. కాని ఆ నూరు రోజులూ నిండేసరికి వానలు ఇంకా వెళ్ళిపోవు. పాలు పోసుకున్న కంకి మీద ముసురు పట్టుకుంటే ఫ్యుజేరియం గులాబిరంగు నూగులా, కర్వులేరియా నల్లని మసిలా కమ్ముకుంటాయి. యాసంగిలో వేసే మాల్దండి రకానికి ఈ బాధ లేదు. అది పొడి వాతావరణంలో పండుతుంది. ఎక్కువ గింజలు పండించిన విత్తనమే వానలో నల్లబడే గింజలనూ తెచ్చింది. దీనికి ఎవరినీ తప్పుపట్టలేము. ఆకలి ముందు నిలబడిన కాలంలో దిగుబడి మొదటి ప్రశ్న అయింది, రంగు రెండవది.

ఆ రెండవ ప్రశ్న మా ఇంటికి కూడా వచ్చింది. మాది పాలమూరు మెట్ట. నా చిన్నతనంలో ఒక ఏడు కోతల ముందు వారం రోజులు ముసురు విడవలేదు. నాన్నతో కలిసి జొన్న బస్తాల బండి మీద నేనూ మార్కెట్టుకు వెళ్ళాను. కొనే ఆసామి కుప్పలోకి చేయి పెట్టి ఒక దోసెడు తీసి, అరచేతిలో ఒక్కసారి ఆడించి, "రంగు తిరిగింది" అన్నాడు. అంతే. ఆ రెండు మాటలతో ధర సగానికి పడింది. అటువంటి గింజ కోళ్ళ దాణాకో, సారాయి బట్టీకో పోతుందని నాన్న దారిలో చెప్పాడు. మంచి బస్తాలు రెండు అమ్ముడుపోయాయి, తక్కినవి బండి మీదే తిరిగివచ్చాయి.

అమ్మ వాటిని చూసి ఎక్కువ మాట్లాడలేదు. "మంచియి అమ్మొస్తివి గద, ఇయి మనమే తింటం తియ్యి" అన్నది. చేటలో చెరిగింది. నీళ్ళలో పోసి తేలిన తాలుగింజలను తీసివేసింది. నాలుగు నీళ్ళు మార్చి కడిగి ఎండబోసింది. ఆ పిండితో రొట్టె తడుతుంటే అంచులు విరిగిపోయేవి. పెనం మీద వేస్తే ఇల్లంతా ఒక ముక్కవాసన. అయినా ఆ చలికాలమంతా మేము తిన్నది ఆ రొట్టెలే. మా పల్లెలో చాలా ఇళ్ళలో అంతే. బాగున్నది అమ్మకానికి, బాగులేనిది ఇంటికి అన్నది పేదరైతు ఇంటి పురాతన నియమం. ధాన్యపు నాణ్యత గురించి ఏ పత్రం చదివినా నాకు ఈ నియమం గుర్తుకు రాకుండా ఉండదు.

* * *

హైదరాబాదు పక్కనే పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ జొన్నగింజ బూజును తన ప్రధాన సమస్యల్లో ఒకటిగా పెట్టుకుంది. అక్కడి రసాయనశాస్త్రవేత్త ఆర్. జంబునాథన్, ఆయన సహచరులు బూజుకు లొంగే రకాల్లోనూ, తట్టుకునే రకాల్లోనూ గింజ ఎదిగే వేర్వేరు దశల్లో ఎర్గోస్టెరాల్‌ను కొలిచి 1991లో ఫలితాలు ప్రచురించారు. లొంగే రకాల్లో అది ఎక్కువగా పేరుకుంది, తట్టుకునే రకాల్లో తక్కువగా ఉంది. తట్టుకునే రకాల్లో ఫ్లావన్-4-ఆల్‌లు అనే పదార్థాలు ఎక్కువగా ఉన్నాయని కూడా గమనించారు. జొన్న తన గింజను తానే కాపాడుకునే ఉపాయాల్లో అవొకటి కావచ్చునన్న ఆలోచనకు అది బలమిచ్చింది. టానిన్లు దండిగా ఉన్న ముదురురంగు జొన్నలు బూజును బాగానే ఆపుతాయన్నది పాత సంగతే; అయితే అవి వగరుగా ఉంటాయి, సులువుగా అరగవు. మనుషులు తెల్లరొట్టెను కోరుకుంటారు. తెల్లగా ఉంటూనే బూజును ఆపగల గింజ కోసం వెతికేటప్పుడు రంగును చూసి మోసపోని కొలత ఒకటి చేతిలో ఉండడం పెద్ద అండ.

ఈ కొలత హద్దులు కూడా చెప్పాలి. అన్ని తెగుళ్ళకూ ఇది పనికిరాదు. సజ్జకు వెర్రికంకి తెప్పించే జీవి నిజానికి శిలీంధ్రజాతికి చెందినది కాదని తేలింది. దానిలో ఎర్గోస్టెరాల్ ఉండదు. తుప్పు తెగులు, బూడిద తెగులు కలిగించే శిలీంధ్రాల్లో వేరే స్టెరాల్‌లు ముఖ్యమైనవి. ఒక గ్రాము శిలీంధ్రంలో ఎంత ఎర్గోస్టెరాల్ ఉంటుందన్నది జాతిని బట్టీ, వయసును బట్టీ, పెరిగిన పరిస్థితులను బట్టీ మారుతుంది కనుక, కొలతను బరువుగా మార్చిన ప్రతిసారీ మనం ఒక అంచనాను ఒప్పుకుంటున్నట్టే. శిలీంధ్రం చనిపోయిన మరుక్షణం ఆ పదార్థం మాయం కాదు. కొంతకాలం నిలిచి ఉంటుంది. ఇక పైరు మీద చల్లే ట్రయజోల్ మందులు చంపేదే ఈ ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకోవడం ద్వారా. ఆ మందు తగిలిన శిలీంధ్రంలో లెక్క ఎలా తప్పగలదో ఊహించవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, విషం సంగతి ఒక ఎత్తు. ఎర్గోస్టెరాల్ శిలీంధ్రం ఎంత ఉందో చెబుతుంది, అది ఏం చేసిందో చెప్పదు. గింజను బొగ్గులా నల్లబరిచే కర్వులేరియా ఫ్యుమోనిసిన్ అనే విషాన్ని తయారుచేయదు. కొన్ని ఫ్యుజేరియం జాతులు తయారుచేస్తాయి, మరికొన్ని అంతగా చేయవు. కాబట్టి ఎక్కువ బూజున్న గింజ తక్కువ విషంతోనూ, తక్కువ బూజున్న గింజ ఎక్కువ విషంతోనూ ఉండవచ్చు. విషం కోసం విడిగా వెతకాలి. అఫ్లటాక్సిన్ వంటివైతే బస్తా అంతటా సమానంగా ఉండవు. కొన్ని గింజల్లో కుప్పపడి ఉంటాయి. పరీక్షకు తీసిన గుప్పెడులో ఆ గింజలు పడకపోతే బస్తా నిర్దోషిగా బయటపడుతుంది.

1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కాలేయం చెడి మరణించారు. ఆ ఇళ్ళ కుక్కలు కూడా చనిపోయాయి. చనిపోయినవారిలో అత్యధికులు ఆదివాసీలు. ఆ మరణాలకు కారణం అఫ్లటాక్సిన్ అని తేల్చినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. 1995లో దక్కను పీఠభూమి పల్లెల్లో వానకు తడిసి బూజుపట్టిన జొన్న, మొక్కజొన్న రొట్టెలు తిన్న కుటుంబాలకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ గింజల్లో ఫ్యుమోనిసిన్ ఎక్కువగా ఉందని మళ్ళీ ఆ సంస్థవారే గుర్తించారు. ఆ తిండి మానేశాక జబ్బు తగ్గింది. ఆ పత్రం చదువుతున్నప్పుడు పెనం మీది ముక్కవాసన నా ముక్కుకు తగిలింది. మేము తిన్న రొట్టెల్లో ఏముందో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు.

ఈ విషాలు వంటింటి వేడికి సులభంగా లొంగవు. తేలిన గింజలను తీసివేయడం, మళ్ళీ మళ్ళీ కడగడం వల్ల మాత్రం కొంత మేలు ఉంది. పనికిరాని గింజల్లోనే విషం ఎక్కువగా చేరుతుంది, ఫ్యుమోనిసిన్ నీటిలో కరుగుతుంది. అమ్మకు ఆ పేర్లేవీ తెలియవు. ఆమె చేతులు చేసిన పని మాత్రం సరైన దిక్కులోనే ఉంది.

కొలతలు పెరిగాయి. ఇప్పుడు శిలీంధ్రపు డి.ఎన్.ఏ.ను కొలిచి ఏ జాతి ఎంత ఉందో చెప్పగలరు. విషాన్ని కొద్ది నిమిషాల్లో పట్టిచూపే పట్టీలు వచ్చాయి. కాని ఈ కొలతలన్నీ ఎవరి గింజను కొలుస్తున్నాయి? బార్లీలో ఫ్యుజేరియం ఉంటే బీరు సీసా మూత తీయగానే పొంగిపోతుంది కనుక బీరు తయారీదారులు పరీక్షిస్తారు. ఓడనెక్కే ధాన్యాన్ని అవతలి తీరం అడుగుతుంది కనుక పరీక్షిస్తారు. మార్కెట్టునుండి తిరిగివచ్చి ఇంటి గాదెలో చేరిన నల్లజొన్నను పరీక్షించమని అడిగేవారెవరూ ఉండరు. అన్నిటికన్నా ప్రమాదం ఎక్కువగా ఉన్న గింజ, అన్నిటికన్నా తక్కువగా కొలవబడే గింజ, రెండూ ఒకటే.

అందుకే ఈ కొలతలు విత్తనాల దగ్గరికి చేరిన చోట నాకు ఎక్కువ నమ్మకం కలుగుతుంది. పేదరైతు గాదెదాకా హెక్సేనూ, యంత్రమూ రానక్కరలేదు. వాటి సాయంతో ఎంపికచేసిన విత్తనం వస్తే చాలు; ఆ కొలత ఫలితం ఆ ఇంటి రొట్టెలోకి వచ్చినట్టే. విత్తనం దొరికేదాకా చేయగలిగినది కూడా ఒకటుంది. జొన్నగింజ తయారైనప్పుడు, అది కంకికి అతుక్కున్న చోట అడుగున ఒక నల్లచుక్క ఏర్పడుతుంది. ఇక గింజలోకి చేరవలసినదేమీ లేదని దాని అర్థం. పైరు నిలువునా ఎండేదాకా ఆగకుండా, ఆ చుక్క కనబడగానే కంకులు కోసి, నీడపట్టునో, ఎండ కాసినప్పుడో ఆరబెట్టుకుంటే బూజుకు దొరికే రోజులు తగ్గిపోతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. చుక్కను చూడడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. గింజను వలిచి, తిరగేసి చూస్తే సరిపోతుంది. గింజ మీది నలుపంతా చెడ్డది కాదు; ఆ ఒక్క నలుపును సకాలంలో చూడగలిగితే, తక్కిన నలుపును చాలావరకు చూడకుండా ఉండవచ్చు.